బొగ్గు కార్మికుల పిల్లలు చూసిన యుద్ధం గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం మీద మీ ఆదివారం పేజీల్లో వస్తున్న వ్యాసాలన్నీ చదువుతున్నాను. చర్చిల్ ఉన్నాడు, హిట్లర్ ఉన్నాడు, ట్యాంకులూ విమానాల లెక్కలూ ఉన్నాయి, కానీ ఆ యుద్ధంలో పెరిగిన కూలీల పిల్లలు మాత్రం ఎక్కడా కనిపించలేదు. మాది కొత్తగూడెం. మా నాన్న బొగ్గుగనిలో, మేం బాయి అంటాం, బొగ్గు నింపే ఫిల్లరు. నేను చాలా ఏళ్లుగా బ్రిటన్‌లోని వేల్స్‌లో, ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లకు కట్లు కట్టి మందులిచ్చే నర్సుగా పనిచేస్తున్నాను. ఈ రోండా లోయలో నేను చూసేవాళ్లలో తొంభై దాటినవాళ్లు కొందరున్నారు, వాళ్లంతా బొగ్గు కార్మికుల పిల్లలే. మా నాన్నదీ బాయి పనేనని తెలిస్తే చాలు, కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెడతారు. వాళ్ల దగ్గర విన్నదీ, దాని మీద తర్వాత చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను.

యుద్ధం గురించి అడిగితే వీళ్లు 1939 నుంచి మొదలుపెట్టరు. అంతకు ముందటి కరువు నుంచి మొదలుపెడతారు. 1930లలో ఈ లోయల్లో బాయిలు మూతపడి ఊళ్లకు ఊళ్లే పని లేకుండా కూర్చున్నాయి. నిరుద్యోగ భృతి ఇచ్చేముందు ఇంట్లో ఎవరికెంత వస్తోందో ఆరా తీసేవాళ్లు, పెద్దకొడుకు నాలుగు డబ్బులు తెస్తుంటే తండ్రికి ఇచ్చేదాంట్లో కోత పెట్టేవాళ్లు. ఆ అవమానం ఇప్పటికీ వీళ్ల గొంతులో వినపడుతుంది, అప్పటికి వీళ్లు చంటిపిల్లలే అయినా, ఇంట్లో పెద్దవాళ్లు జీవితాంతం అదే చెప్పుకున్నారు కాబట్టి.

యుద్ధం వచ్చాక తండ్రులను ఎక్కువగా సైన్యానికి పంపలేదు, బొగ్గు కావాలి కదా. కానీ 1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోగానే అక్కడికి వెళ్లే బొగ్గు ఆగిపోయి చాలామందికి మళ్లీ పని పోయింది. మూడేళ్లు తిరిగేసరికి బొగ్గు తవ్వేవాళ్లే చాలలేదు. 1943 డిసెంబరులో కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ లాటరీ పెట్టించాడు, రిజిస్ట్రేషన్ నంబరు చివరి అంకె కలిస్తే ఆ కుర్రాడు సైన్యానికి బదులు బాయిలోకి దిగాలి. అలా లాటరీలో వచ్చినవాళ్లూ ఇష్టపడి వచ్చినవాళ్లూ కలిపి దాదాపు 48 వేల మంది. తండ్రి ఇంటిదగ్గరే ఉన్నాడంటే క్షేమంగా ఉన్నాడని కాదు, బాయి పిల్లలకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. బాయిలో పైకప్పు కూలడం ఒకటి, ఊపిరితిత్తుల్లో పేరుకునే బొగ్గు దుమ్ము ఇంకొకటి. బొగ్గు కార్మికులందరికీ ఆ దుమ్ము జబ్బుకి పరిహారం ఇచ్చే ఏర్పాటు 1943లో గానీ రాలేదు. పట్టుమని పది మెట్లు ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడిపోయే నాన్న, నేను చూసే చాలామంది జ్ఞాపకాల్లో ఉన్నాడు. నా జ్ఞాపకాల్లోనూ ఉన్నాడు.

అమ్మలు ఫ్యాక్టరీలకు వెళ్లారు. బ్రిడ్జెండ్‌లోని ఆయుధ కర్మాగారంలో 30 వేల మందికి పైగా పనిచేశారు, ఎక్కువమంది ఆడవాళ్లే, తెల్లవారకముందే రైళ్లలో, బస్సుల్లో ఈ లోయల నుంచే వెళ్లేవాళ్లు. పేలుడు మందు పొడి పట్టి ఒళ్లూ జుట్టూ పసుపుపచ్చగా మారేవి. వేళ్లు పోయినవాళ్లు, చూపు పోయినవాళ్లు, ప్రాణాలే పోయినవాళ్లు ఉన్నారు. ఎన్నడూ చేతికి జీతం అందుకోని ఆడవాళ్లు ఆ యుద్ధంలో మొదటిసారి సొంత సంపాదన చూశారు. పిల్లలు ఏ అమ్మమ్మ దగ్గరో, పక్కింట్లోనో పెరిగారు.

బాంబులూ పడ్డాయి. 1941 ఫిబ్రవరిలో వరసగా మూడు రాత్రులు స్వాన్సీ మీద వేశారు, ఊరి నడిబొడ్డు మొత్తం కాలిపోయింది, 230 మంది చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 29 రాత్రి ఈ రోండాలోనే కుమ్‌పార్క్ అనే చిన్న ఊరి మీద పడి 27 మంది పోయారు. అందులో, బాంబుల నుంచి కాపాడుకుందామని ఇంగ్లాండ్ నగరాల నుంచి తల్లిదండ్రులు ఇక్కడికి పంపిన పిల్లలు కూడా ఉన్నారు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక తిండి సంగతి. ఇది కాస్త వివరంగా రాయాలి. 1940 జనవరి 8 నుంచి రేషన్ మొదలైంది. పెద్దా చిన్నా అందరికీ తలా ఒక పుస్తకం, ఐదేళ్లలోపు పిల్లలకు ఆకుపచ్చ పుస్తకం వేరే. వారానికి ఒక గుడ్డు, కాస్త వెన్న, కాస్త పంచదార, బాయిలోకి దిగేవాళ్లకు జున్ను ఎక్కువ. చంటిపిల్లలకు చవగ్గానో ఉచితంగానో పాలు, ఆరెంజ్ జ్యూస్, చేపనూనె. నాకు చెప్పినవాళ్లందరూ ఒకే మాట అన్నారు, ఏదీ కడుపు నిండా తినలేదు గానీ పస్తు మాత్రం లేదని, అంతకుముందు ఇంట్లో అమ్మ తినకుండా తమకు పెట్టేదని. యుద్ధం మొదట్లో పెరిగిన శిశు మరణాలు కూడా, అది ముగిసేనాటికి బ్రిటన్‌లో యుద్ధానికి ముందుకన్నా తగ్గాయి.

నాకు కడుపు మండేది ఇక్కడే. లండన్‌లో కూర్చున్న అదే ప్రభుత్వం పాలనలో, 1943లో బెంగాల్‌లో జనం కలకత్తా వీధుల్లో గంజి కోసం అడుక్కుంటూ పడి చచ్చిపోయారు. దాదాపు 30 లక్షల మంది అని అంచనా. పిల్ల పిల్లకీ పేరు రాసి పాలు లెక్కగట్టగలిగిన ప్రభుత్వానికి అది చేతగాక జరిగిందంటే నేను నమ్మను. ఈ మాట ఒక పెద్దావిడతో అన్నాను. ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పలేదట. చాలాసేపు నా చెయ్యి పట్టుకుంది.

ఈ లోయల పిల్లల తల్లిదండ్రులే 1945 ఎన్నికల్లో చర్చిల్‌ను ఓడించారు. పదమూడేళ్లకే బాయిలోకి దిగిన, వేల్స్‌లోని ట్రెడీగర్ ఊరి కుర్రాడు అన్యూరిన్ బెవన్ ఆరోగ్యమంత్రి అయ్యాడు, 1948 జులై 5న అందరికీ ఉచిత వైద్యం మొదలైంది. కార్మికులు తమ జీతాల్లోంచి పైసా పైసా వేసుకుని డాక్టర్లను పెట్టుకున్న ట్రెడీగర్ సంఘాన్ని చూసే ఆయన దాన్ని రూపొందించాడు. నాకు ఇక్కడ అన్నం పెడుతున్నదీ ఆ వ్యవస్థే.

అయ్యా, నేను అడిగేది ఒకటే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయినవాళ్ల పిల్లలు మనకూ ఉన్నారు. బర్మాలోని రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసి, బాంబులు పడ్డాక అడవుల్లో నడుచుకుంటూ వచ్చినవాళ్లున్నారు. యుద్ధం రోజుల్లో ఇల్లెందు, కొత్తగూడెం బాయిల్లో తట్టా చెమ్మసూ (పార) పట్టినవాళ్ల బిడ్డలున్నారు. వీళ్లకు ఇప్పుడు తొంభై ఏళ్లు. ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, అమ్మ ఎక్కడ పనిచేసింది, రాత్రి సైరన్ మోగితే ఎక్కడ దాక్కున్నారు, ఇవి అడిగి రాసుకునేవాళ్లు కావాలి. జనరల్స్ గురించి ఇంకో పదేళ్ల తర్వాతైనా రాసుకోవచ్చు. మీ జిల్లా విలేకరులకు చెప్పి వారానికి ఒక్కరి చొప్పున వేయండి. మొదలుపెడతానంటే మా మేనత్త ఉంది కొత్తగూడెంలో, మాట ఇంకా గట్టిగానే ఉంది, మా చెల్లెలు ఫోన్‌లో రికార్డు చేసి పంపిస్తుంది.

ఇట్లు
మీ పాఠకురాలు,
రోండా, వేల్స్