ముందు నీడ, తర్వాతే ఏసీ

విజయవాడ,
మే 28

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. రోహిణి కార్తె మొదలైంది. మీ అమ్మ తొమ్మిదింటికల్లా వంట ముగించి, పడమటి కిటికీలన్నీ మూసేస్తోంది.

మీరు ట్రావెల్ ట్రైలర్, అదే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, కొన్నారని, వచ్చే నెలలో పిల్లాడితో బయల్దేరుతున్నారని విన్నప్పటి నుంచి నా ఆలోచనంతా దాని మీదే ఉంది. అమెరికాలో మీ ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. మన లెక్కలో 43 పైమాటే. ఆ ఎండలో చంటివాడిని ట్రైలర్లో పడుకోబెట్టాలంటే, పైన ఏసీ ఉందిలే అన్న ధైర్యం ఒక్కటే సరిపోదమ్మా. ఆటోనగర్‌లో ఇన్నేళ్లు బస్సు బాడీలు కట్టాను. ఎండ ఒకసారి లోపలికి దిగాక దాన్ని బయటికి పంపడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు. దాన్ని గోడ బయటే ఆపాలి.

ట్రైలర్ గోడ మందం ఒకటిన్నర, రెండు అంగుళాలు. ఇంటి గోడలాగా అది ఎండని ఆపలేదు. అన్నిటికంటే అద్దాల దగ్గర జాగ్రత్త. లోపల కర్టెన్ వేస్తే వెలుతురు ఆగుతుంది కానీ, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అందుకని కిటికీల బయట షేడ్ నెట్ కట్టండి. ఇక్కడ ఎండాకాలం సిగ్నళ్ల దగ్గర గ్రీన్ నెట్ కడతారే, అలాంటిదే. అద్దానికి అంటించినట్టు కట్టొద్దు, జానెడు సందు వదిలితే మధ్యలో గాలి ఆడుతుంది. లోపలి వైపు వెండి రంగు ఫాయిల్ షీట్ కూడా పెట్టొచ్చు, అయితే అది రెండో కాపలా మాత్రమే. కప్పులో గాలి కోసం ఉండే 14 అంగుళాల కిటికీలకి, అదే వెంట్లకి, పగలంతా మెత్తలు బిగించి ఉంచండి. రాత్రి బయట చల్లబడితే అవే తెరిచి ఫ్యాన్ వేసుకోండి.

బండి ఆపేటప్పుడే దిక్కు చూసుకోవాలి. అమెరికా ట్రైలర్లకి తలుపు, ఆనింగ్ (బయటికి చాపి మళ్లీ చుట్టేసే గుడ్డ పందిరి) ఎక్కువగా కుడివైపే ఉంటాయి కదా. ముందు భాగం దక్షిణానికి పెడితే ఆనింగ్ పడమటికి వస్తుంది, సాయంత్రపు ఎండకి అదే పందిరి అవుతుంది. గాలి లేస్తే మాత్రం వెంటనే చుట్టేయమని అల్లుడు గారికి చెప్పు. దుమ్ము తుఫానుకి ఆనింగ్‌ని పట్టుకునే చేతులు వంగిపోతాయి.

ఇక ఏసీ. మీది 13,500 బీటీయూ అన్నావు, అంటే గంటకి అది బయటికి తోసే వేడి లెక్క. టన్ను అంటే 12,000 బీటీయూ కాబట్టి, టన్నుకి కాస్త పైన. మధ్యాహ్నం బండి కాలిపోయాక ఆన్ చేస్తే అది రాత్రి దాకా తిరుగుతూనే ఉంటుంది. గోడలు, పరుపులు, అరలు అన్నీ వేడి పట్టేసి ఉంటాయి మరి. పొద్దున్న చల్లగా ఉండగానే వేసి ఉంచండి. ఫిల్టర్ కడగడం సరే, దాని వెనకాల ఉన్న పని ఎవరూ చెప్పరు. సీలింగ్ కవర్ విప్పితే చల్లగాలి వదిలే దారీ, లోపలి గాలి పీల్చుకునే దారీ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో సందులుంటే చల్లగాలి గదిలోకి రాకుండా మళ్లీ మిషన్లోకే పోతుంది. కరెంటు తీసేసి, ఆ సందులన్నీ అల్యూమినియం ఫాయిల్ టేపుతో మూయాలి. ఖర్చు తక్కువ, తేడా మాత్రం చేతికి తెలుస్తుంది.

కరెంటు విషయంలో నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. 30 ఆంపుల లైన్ అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. ఏసీ తిరుగుతుండగా మైక్రోవేవ్, గీజర్ కలిపి వేస్తే ట్రిప్ అవుతుంది. వంట బయట పెట్టుకోండి, లోపల వేడి కూడా తగ్గుతుంది. ట్రైలర్లు ఆపుకునే క్యాంప్‌గ్రౌండులో అందరూ ఒకేసారి ఏసీలు వేస్తే మధ్యాహ్నం వోల్టేజ్ పడిపోతుంది. 105 వోల్టుల కిందికి వస్తే కంప్రెసర్‌కి ముప్పు. మనింట్లో స్టెబిలైజర్ ఎందుకు పెట్టానో నీకు తెలుసు. మీరు కనీసం లో వోల్టేజ్‌కి దానంతట అదే కరెంటు తెంచేసే ప్రొటెక్టర్ అయినా పెట్టించండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు ససేమిరా వాడొద్దు.

కూలర్ కొందామా అని అడిగావు. ఇక్కడ పడమటి గాలి వీచినప్పుడు కూలర్ హాయిగా ఉంటుంది, సముద్రపు గాలి తిరిగి ఉక్క పట్టిందంటే అదే కూలర్ ఒళ్లు జిడ్డు చేస్తుంది. మీ దగ్గర జూన్ మొదట్లో గాలి బాగా పొడి, కాబట్టి పనిచేస్తుంది. మీ వర్షాల సీజన్ జూన్ 15 నుంచి లెక్క కడతారు. ఆ తేమ వచ్చాక దానివల్ల లాభం ఉండదు. ఏసీ, కూలర్ కలిపి మాత్రం వేయొద్దు. కూలర్ వదిలే తేమని తీయడానికే ఏసీ బలమంతా పోతుంది.

ఆ పొడి గాలితో ఇంకో చిక్కుంది. బెజవాడలో చెమట కారుతుంది కాబట్టి నీళ్లు తాగాలని మనకే తెలుస్తుంది. అక్కడ చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్సో తాగుతూ ఉండండి. పిల్లాడికి గంట గంటకీ ఏదో ఒకటి పట్టించు. వాడిని ట్రైలర్లో ఒంటరిగా ఐదు నిమిషాలు కూడా వదలొద్దు తల్లీ. ఏసీ తిరుగుతోందని ధైర్యపడొద్దు, కరెంటు పోయిన సంగతి బయట ఉన్నవాళ్లకి తెలియదు.

నన్నడిగితే మొదటి ప్రయాణం మీకు ఉత్తరాన కొండల మీదున్న ఫ్లాగ్‌స్టాఫ్ ఊరి వైపు పెట్టుకోండి. ఫీనిక్స్ సుమారు 1,100 అడుగుల ఎత్తు, ఫ్లాగ్‌స్టాఫ్ 7,000. వేసవిలో పగటిపూట ఇరవై డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పైగా తగ్గుతుంది. అంత తేడా ఏ ఏసీతోనూ సులువుగా రాదు. దారిలో ఎత్తు బాగా ఉంటుంది, బరువు లాగుతూ మిట్ట మధ్యాహ్నం ఎక్కితే ఇంజను వేడెక్కుతుంది. తెల్లవారకముందే బయల్దేరండి. టైర్లలో గాలి కూడా అప్పుడే, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. జనరేటర్ తీసుకెళ్తే, ప్రతి వెయ్యి అడుగులకీ దాని బలం మూడు, మూడున్నర శాతం తగ్గుతుందని గుర్తుంచుకోండి. కిందున్నప్పుడు ఏసీని లాగినది పైన లాగకపోవచ్చు. దాని పొగ కిటికీల వైపు రాకూడదు, లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూడండి.

ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు ఏసీ సీలింగ్ కవర్ విప్పి ఉంచమని అల్లుడు గారితో చెప్పు. టేపు ఎక్కడెక్కడ వేయాలో చూసి చెప్తాను. మీటరు ఉంటే ప్లగ్ దగ్గర వోల్టేజ్ కూడా మధ్యాహ్నం పూట కొలిచి రాసి పెట్టండి.

ఆశీస్సులతో,
నాన్న