వయసు పరిశీలన ఆట రోజున కాదు, జూలైలోనే: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

ప్రకాశం జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. పాఠశాల క్రీడల్లో అండర్‌-14, 17, 19 విభాగాలకు వయసు నిబంధన ఉండవలసిందే. పదహారేళ్లవాడు పద్నాలుగేళ్లలోపు జట్టులో రైడుకు వస్తే అవతలి పిల్లల మోకాళ్లకే ముప్పు. నా అభ్యంతరం నిబంధన మీద కాదు, దాన్ని పరిశీలించే వేళ మీద.

నిరుడు ఒక కబడ్డీ ఎంపికలో, కోర్టుకు సున్నపు గీతలు గీసి పిల్లలు మోకాళ్లకు క్యాపులు ఎక్కించుకున్నాక, ఒక అమ్మాయిని పక్కన నిలబెట్టారు. జనన ధ్రువపత్రానికీ బడి అడ్మిషన్‌ రిజిస్టరుకూ మూడు నెలల తేడా. విచిత్రమేమంటే, రెండు తేదీల ప్రకారమూ ఆమె అర్హురాలే! చీమకుర్తి క్వారీలకు వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు అంచనాగా వేసిన పుట్టినరోజులు మనకు కొత్త కాదు. 21 రోజుల్లో చెప్పవలసిన జననాన్ని ఏడాది దాటాక నమోదు చేయించాలంటే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కూలికి వెళ్లే తల్లి దాన్ని ఒక్క పూటలో ఎక్కడి నుంచి తెస్తుంది? ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు చూస్తారు గానీ, అదీ అంచనాయే.

కనుక పత్రాల పరిశీలనను జూలైలోనే బడుల వద్ద ముగించి, తిరస్కరించిన ప్రతిసారీ కారణాన్ని రాతపూర్వకంగా తెలిపి, అప్పీలుకు వారం రోజుల గడువు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
సింగరాయకొండ