ఆ కింది అంగుళంలో ఒక పేరుంది

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో పల్లెటూరి ప్రశాంతత మీద వ్యాసం వేసి, దానికి సగం పేజీ రంగుల బొమ్మ జోడించారు. గడ్డికప్పు ఇల్లు, గుమ్మంలో చంకబిడ్డతో ఒకావిడ, ముందు పూలమడి, రెండు కోళ్లు. కింద ‘ఇంగ్లండులో ఒక పాత పల్లె’ అని రాసి ఊరుకున్నారు. బడిపిల్లలకు ముప్ఫై ఏళ్లు డ్రాయింగు చెప్పినవాణ్ణి, చూడగానే పోల్చుకున్నాను. అది ఇంగ్లండు చిత్రకారిణి హెలెన్ అల్లింగమ్ బొమ్మ. ఆవిడ కింది మూలన సన్నగా సంతకం పెట్టేది. పేజీలో ఇమడడం కోసం మీవాళ్లు సరిగ్గా ఆ అంగుళమే కత్తిరించారు. బాపు బొమ్మకు ఇదే పని చేస్తే పాఠకులు మిమ్మల్ని బతకనిస్తారా?

పేరు సంగతి ఆ ఇంట్లో చిన్నదేం కాదు. హెలెన్ పిన్నమ్మ లారా హెర్‌ఫర్డ్ 1860లో లండన్ రాయల్ అకాడమీ చిత్రకళా బడికి బొమ్మలు పంపుతూ, పేరు పూర్తిగా రాయకుండా పొడి అక్షరాలే వేసింది. మగవాడనుకుని సీటిచ్చారు. ఆ బడిలో అడుగుపెట్టిన మొదటి ఆడమనిషి ఆవిడే. 1867లో హెలెన్ అక్కడే చేరింది. తర్వాత గ్రాఫిక్ వారపత్రికకు బొమ్మలు గీసి సొంత సంపాదన మీద నిలబడింది. 1874లో ఇంగ్లిషు రచయిత థామస్ హార్డీ నవల కార్న్‌హిల్ పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు బొమ్మలు ఆమెవే. ఆ ఏడే తనకు రెట్టింపు వయసున్న ఐరిష్ కవి విలియం అల్లింగమ్‌ను పెళ్లాడింది. 1875లో నీటిరంగుల చిత్రకారుల సంఘం ఆమెను సహసభ్యురాలిగా తీసుకుంది. పూర్తి సభ్యత్వం ఆడవాళ్లకు లేదు. అది 1890లో వచ్చింది, మొదట ఈవిడకే. అప్పటికి భర్త పోయి ఏడాది, ముగ్గురు పిల్లలు, ఇల్లు గడవడం కుంచె మీదే.

ఇక ‘ప్రశాంతత’ మాట. 1881లో ఆ కుటుంబం లండన్‌కు దక్షిణాన ఉన్న సర్రే ప్రాంతంలో విట్లీ అనే ఊరి దగ్గరికి మారింది. రైలు వచ్చాక లండన్ డబ్బున్నవాళ్లు ఆ పల్లెల మీద పడ్డారు. పాత ఇళ్లు కొన్ని కూలుతున్నాయి, కొన్ని ‘బాగుచేత’ పేరుతో రూపు మారుతున్నాయి. అవి పోకముందే వెళ్లి గీయాలని హెలెన్ తొందర. 1886లో సర్రే ఇళ్ల బొమ్మల ప్రదర్శన పెట్టేటప్పటికే, గీసి నెలలు తిరక్కుండా కొన్ని ఇళ్లు ఆనవాలు లేకుండా పోయాయి. మీరు ప్రశాంతంగా ఉందన్న ఇల్లు అలా పలుగు కోసం ఎదురుచూస్తున్నదే అయ్యుండొచ్చు.

ఆ బొమ్మలకు చక్కెర పూత ఎక్కువన్న విమర్శ ఉంది. కాదనను. కొత్తగా బిగించిన పెద్ద అద్దాల కిటికీ కనిపిస్తే దాన్ని తీసేసి, బొమ్మలో పాత చిన్న గళ్ల కిటికీ పెట్టేసేది. కారే కప్పు, చెమ్మ గోడ, కూలివాడి ఆకలి ఆ పూలమడి వెనకాలే ఉండిపోయాయి. తెలియకనా? 1862లో డాక్టరైన తండ్రి డిఫ్తీరియా రోగులను చూస్తూ అదే జబ్బుతో పోయాడు. చిట్టి చెల్లెలూ దానికే బలైంది. అప్పటికి హెలెన్‌కు పద్నాలుగేళ్లు నిండలేదు. అయినా గుమ్మంలో ఆరోగ్యంగా ఉన్న బిడ్డనే గీసింది. దాన్ని అబద్ధమనడానికి నాకు నోరు రాదు.

పనితనం గురించి ఒక్క మాట. తెల్లరంగు పూసి తెలుపు తెప్పించడం ఆవిడ పద్ధతి కాదు. రంగు ఆరాక కత్తిమొనతో గీకి, గట్టి కుంచెతో రుద్ది, అడుగున ఉన్న కాగితాన్నే బయటికి లాగేది. కోడి రెక్క మీద మెరుపు అలా పుట్టిందే. మా పిల్లల చేత ఇది చేయించబోతే కాగితానికి చిల్లులు పడేవి, నా చేతిలోనూ పడ్డాయి.

కాబట్టి వచ్చే ఆదివారం ఒక్క వరుస సవరణ వేయండి: ‘చిత్రం: హెలెన్ అల్లింగమ్ (1848–1926)’. ఇకముందు ఎవరి బొమ్మయినా పేజీలో పట్టకపోతే పైనుంచి కత్తిరించమని మీ లేఅవుట్ అబ్బాయికి చెప్పండి. ఆకాశం కాస్త పోయినా ఎవరూ ఉత్తరం రాయరు.

– ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు, తెనాలి