ముక్క తీయకముందే స్కాన్ తీయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మాది కోనసీమ, మామిడికుదురు మండలం. ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ అనుమానం ఉన్నవాళ్లకు ముక్క తీయకముందే, అంటే బయాప్సీకి ముందే, ఎంఆర్ఐ స్కాన్ తీయించమని ఇప్పటికే మూడు అర్జీలు పెట్టుకున్నాను. రెండు సోమవారం గ్రీవెన్స్‌లో లైన్‌లో నిలబడి చేతికి ఇచ్చినవి, ఒకటి ఆన్‌లైన్‌లో. మూడింటికీ ఫోన్‌కు ఒకటే మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే ఈసారి పదిమంది చదివేలా రాస్తున్నాను, వాళ్లలో ఒకరైనా మీ దాకా చేరుస్తారని ఆశ.

మా నాన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్. ఆపరేషన్ ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీదే అయింది, అందుకు మనస్ఫూర్తిగా దణ్ణం పెడుతున్నాను. నా గోడు ఆపరేషన్ గురించి కాదండి, దానికి ముందు తీయాల్సిన ఎంఆర్ఐ స్కాన్ గురించి. ఆ ఒక్క స్కాన్ పనికొచ్చేలా తీయించుకోవడానికి మాకు దాదాపు నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు అదే దారిలోకి మా బాబాయి వెళ్లబోతున్నాడు. నాన్నకు ఆపరేషన్ అయిపోయింది, ఆయన కోసం ఇక అడిగేదేం లేదు, బాబాయి కోసమైనా వినండి.

నాన్నకు 67 ఏళ్లు. రెండెకరాల కొబ్బరి తోట, ఇంకొంత కౌలు. రాత్రి అయిదారుసార్లు ఒంటికి లేస్తున్నాడని అమ్మ నాకు చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆడపిల్లకు ఇలాంటివి ఎలా చెబుతాడు? చివరికి నేనే పట్టుబట్టి రక్తపరీక్ష చేయిస్తే పీఎస్ఏ (ప్రోస్టేట్‌లో తేడా ఉంటే పెరిగే కొలత) 14 వచ్చింది, నాలుగు లోపు ఉంటే మామూలు అంటారు. చూసిన వెంటనే ఆస్పత్రిలో ముక్క తీయాలన్నారు. మలద్వారం నుంచి సూదితో 12 ముక్కలు తీశారు. రెండు రోజులు జ్వరం, ఒంటికి వెళ్తే రక్తం. రిపోర్టులో క్యాన్సర్ అని, గ్లీసన్ (క్యాన్సర్ ఎంత తీవ్రమైనదో చెప్పే లెక్క) 4+3 అని వచ్చింది.

అప్పుడు ఆపరేషన్ చేసే డాక్టర్ గారి దగ్గరకు పంపారు. ఆయన మంచివారు, నాన్న కొబ్బరి రైతని తెలుసుకుని ఆ భాషలోనే చెప్పారు. ఈ గ్రంథి ఉసిరికాయంత ఉంటుందయ్యా, కొబ్బరికాయకు చిప్ప ఉన్నట్టు దీనికీ చుట్టూ ఒక పొర ఉంటుంది, క్యాన్సర్ చిప్ప లోపలే ఉందా, చిప్ప దాటి పైనున్న పీచు డొక్కలోకి పాకిందా అన్నది నేను కత్తి పట్టకముందే తెలియాలి అన్నారు. ఆ చిప్పకు ఆనుకుని రెండు వైపులా నరాల కట్టలు ఉంటాయట. మగతనం వాటి మీదే ఆధారపడి ఉంటుంది, ఆపరేషన్ తర్వాత ఒంటేలు ఆపుకోగలగడానికీ అవి ఉంటే మంచిదట. ఏ వైపు నరాన్ని మిగల్చవచ్చు, ఏ వైపు దానితో సహా తీసేయాలి, వెనకున్న వీర్యకోశాల్లోకి వెళ్లిందా, ఇవన్నీ ముందుగా చూపించేది మల్టీపారామెట్రిక్ ఎంఆర్ఐ, అంటే గ్రంథిని రకరకాల బొమ్మలుగా తీసే స్కాన్. నాన్నకు వెంటనే అర్థమైంది. నాకూ అర్థమైంది.

కాగితం పట్టుకుని స్కాన్‌కు వెళ్తే అక్కడి అమ్మాయి మొదట అడిగిన ప్రశ్న, ముక్క ఎప్పుడు తీశారు అని. పది రోజులైందన్నాను. ఆమె లోపలికి వెళ్లి డాక్టర్‌ని అడిగి వచ్చింది. సూదులు గుచ్చిన చోట రక్తం నిలిచి ఉంటుంది, బొమ్మలో ఏది రక్తమో ఏది క్యాన్సరో తేల్చి చెప్పడం కష్టం, కనీసం ఆరు వారాలు ఆగి రండి అంది.

ఆ ఆరు వారాలు ఎలా గడిచాయో మీకు చెప్పాలండి, ఎందుకంటే ఏ అర్జీ ఫారంలోనూ అది రాసే గడి లేదు. ఒంట్లో క్యాన్సర్ ఉందని తెలిసిన మనిషిని ఇంటికి పంపి ఊరికే కూర్చోమన్నారు. నాన్న తోటకు వెళ్లడం మానేశాడు. కొబ్బరికాయల దింపు వాళ్లు వచ్చి అడిగితే నన్ను మాట్లాడమనేవాడు. అమ్మ అన్నం పెట్టి పిలిస్తే వచ్చేవాడు, రెండు ముద్దలు తిని లేచేవాడు. ఒకరోజు, అమ్మాయ్, అది ఈపాటికి ఎంతవరకు పాకి ఉంటుందంటావు, అని అడిగాడు. నేను ఏం చెప్పాలి? ఇలాంటివి మెల్లగా పెరుగుతాయి, ఆరు వారాలకు ఏం కాదు అని డాక్టర్ గారు చెప్పిన మాటే చెప్పాను. టెన్షన్ పడొద్దని ఆయనకు చెప్పి నేను రాత్రంతా మేలుకుని ఉండేదాన్ని.

ఆ తర్వాత ప్రయాణం. మా ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి బోడసకుర్రు వంతెన దాటి అమలాపురం, అక్కడి నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం, కాకినాడ. మామూలు మనిషికి అదేం పెద్ద దూరం కాదు. అరగంటకోసారి ఒంటికి వెళ్లాల్సిన మనిషికి అది ఎంత దూరమో ఊహించండి. నాన్న ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం ఆపేసేవాడు. అయినా మధ్యలో ఆపుకోలేక కండక్టర్‌ని బతిమాలాల్సి వచ్చింది. ఒకసారి బస్సు ఆపారు, అందరూ కిటికీల్లోంచి చూస్తుండగా ఆయన రోడ్డు పక్కకు దిగి వెళ్లాడు. ఊళ్లో నలుగురికి తగువులు తీర్చే మనిషి అండి. తిరిగి వచ్చి కూర్చుని నా వైపు చూడలేదు, కాకినాడ వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ ఉన్నాడు. స్కాన్ కోసం అలా ఎన్నిసార్లు వెళ్లామో లెక్క రాసుకున్నాను, తొమ్మిది సార్లు.

ఆరు వారాలు ఆగి వెళ్తే స్కాన్ తీశారు. అయిదు రోజులకు రిపోర్టు ఇచ్చారు. గ్రంథి పెరిగింది, డాక్టర్‌ను సంప్రదించండి అన్నట్టు నాలుగు లైన్లు. సర్జన్ గారు ఫిల్మ్ చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఇది మామూలు పొత్తికడుపు స్కానమ్మా, నేను రాసింది ఇది కాదు అన్నారు. ఆయన అడిగినదాంట్లో గ్రంథిని దగ్గరగా పలచటి పొరలుగా తీసే బొమ్మలు ఉండాలి, నీటి కదలికను చూపే డిఫ్యూజన్ బొమ్మలు ఉండాలి, రంగు మందు ఎక్కించి తీసేవి ఉండాలి. ఈ డిఫ్యూజన్ సంగతి నాకు అప్పుడే తెలిసింది. క్యాన్సర్ ఉన్నచోట కణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి నీరు సరిగ్గా కదలదట, మన కాలువలో గుర్రపుడెక్క అడ్డుపడితే నీరు నిలిచిపోయినట్టు. ఆ చోటు బొమ్మలో వేరుగా కనిపిస్తుంది. మాకు తీసినదాంట్లో అసలు ఆ బొమ్మలే లేవు. పైరాడ్స్ అని క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే స్కోరు 1 నుంచి 5 దాకా రాయాలట, 5 అంటే అనుమానం ఎక్కువ, అదీ లేదు.

చివరికి అప్పు చేసి 11,000 రూపాయలు పెట్టి బయట తీయించాం. కార్డు చూపిస్తే ఇది ప్యాకేజీలో లేదమ్మా అన్నారు. ఆ రిపోర్టులో మాత్రం అన్నీ ఉన్నాయి. ఎడమ వైపు 18 మిల్లీమీటర్ల గడ్డ, పైరాడ్స్ 5, పొర ఉబ్బి ఉంది, దాటి ఉండవచ్చు, కుడి వైపు శుభ్రంగా ఉంది, వీర్యకోశాలు బాగున్నాయి. దాన్ని చూసుకునే డాక్టర్ గారు కుడి నరాన్ని మిగిల్చి, ఎడమ వైపు దూరంగా కోసి తీశారు. తీసిన గ్రంథి పరీక్షలో కూడా ఎడమ వైపు పొర దాటిందనే వచ్చింది. నాన్న ఇప్పుడు మెల్లగా కోలుకుంటున్నాడు, ఒంటేలుకు పెట్టే ప్యాడ్‌లు తగ్గాయి, మళ్లీ తోట వైపు వెళ్తున్నాడు.

కానీ అది ఆ నాలుగు నెలల్లోనే చిప్ప దాటిందా, మొదటినుంచీ దాటే ఉందా? ఎవరూ చెప్పలేరు. డాక్టర్ గారు కూడా చెప్పలేనన్నారు. నన్ను ఇప్పటికీ తినేస్తున్న ప్రశ్న అదేనండి.

స్కాన్ గురించి ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు, వచ్చే నెల కొత్త మెషిన్ వస్తుందమ్మా అని. మూడుసార్లు చెప్పారు, మూడు నెలలు మారాయి. మంత్రి గారూ, మేము మెషిన్ అడగలేదు. మూడు టెస్లా (అయస్కాంత శక్తి కొలత) మెషిన్ ఉంటే మంచిదే, కానీ ఒకటిన్నర టెస్లా మీద కూడా పద్ధతి ప్రకారం తీస్తే పనికొచ్చే బొమ్మలు వస్తాయని అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. మా నాన్నకు తీసిన స్కాన్ పనికిరాకుండా పోయింది మెషిన్ లేక కాదు. ఏ బొమ్మలు తీయాలో రాసిన పద్ధతి అక్కడ లేక, అది చదివి స్కోరు వేసే శిక్షణ లేక పోయింది. అన్నిటికంటే ముందు, ముక్క తీశాక స్కాన్‌కు పంపడం వల్ల పోయింది.

ఇది నా సొంత తెలివి కాదు. బ్రిటన్‌లో 576 మంది మీద చేసి 2017లో ప్రచురించిన ప్రామిస్ అధ్యయనంలో, ప్రమాదకరమైన క్యాన్సర్లను ఎంఆర్ఐ 93 శాతం పట్టుకుంటే మామూలు సూది పరీక్ష 48 శాతమే పట్టుకుంది. ఎంఆర్ఐలో అనుమానం కనిపించినంత మాత్రాన అది క్యాన్సరే అని కాదు, అందుకు ముక్క పరీక్ష కావాల్సిందే, అది నేను కాదనను. అయితే ముందు స్కాన్ ఉంటే సూది ఎక్కడ గుచ్చాలో తెలుస్తుంది, కొంతమందికి అసలు గుచ్చక్కర్లేదు. 2019 నుంచి బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల్లో మొదటి పరీక్షే ఇది. 2025లో వచ్చిన ప్రైమ్ అధ్యయనంలో రంగు మందు లేకుండా తీసిన చిన్న స్కాన్ కూడా దాదాపు అంతే బాగా పట్టుకుంది, రెండు రకాలుగానూ 29 శాతం మందిలో ప్రమాదకరమైన క్యాన్సర్ బయటపడింది. బొమ్మలు నాణ్యంగా రావాలి, చదివేవాళ్లకు అనుభవం ఉండాలి, అంతే. అంటే మందు ఖర్చు మిగులుతుంది, సమయం మిగులుతుంది, అదే మెషిన్ మీద ఎక్కువమందికి తీయవచ్చు. ఇంతకంటే తక్కువ ఖర్చులో ఇంకేం అడగమంటారు?

2022లో మాకు సొంత జిల్లా వచ్చింది. అప్పటి హద్దుల్లో 2011 లెక్కల ప్రకారమే మేము 17 లక్షల పైచిలుకు జనం. మా వైపు ప్రతి ఊళ్లోనూ 60 దాటి రాత్రుళ్లు లేచి తిరిగే పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లందరికీ క్యాన్సర్ అని నేను అనను, చాలామందికి వయసుతో వచ్చే వాపే అయి ఉంటుంది. కానీ ఉన్నవాళ్లను ఏ వరసలో పరీక్షిస్తున్నారన్నది మీ చేతిలో ఉంది.

ఇక బాబాయి. తోడబుట్టినవాడికి ఉంటే మిగతా అన్నదమ్ములకు ముప్పు రెట్టింపు కంటే ఎక్కువే అని డాక్టర్ గారు చెబితే నేనే బలవంతంగా పరీక్ష చేయించాను. పీఎస్ఏ 9 వచ్చింది. వచ్చే గురువారం ముక్క తీస్తామని తేదీ ఇచ్చారు. ముందు ఎంఆర్ఐ తీయండి అని అడిగితే, ముక్కలో తేలాకే కార్డు మీద ఏదైనా రాస్తాం, ముందు రాయడం కుదరదు అన్నారు. మళ్లీ అదే సూది, అదే రక్తం, అదే ఆరు వారాలు. బాబాయి ఏమో, అన్నయ్య పడ్డ పాట్లు నేను పడలేనమ్మా, అసలు వెళ్లను అంటున్నాడు. ఆయన వెళ్లకపోతే ఆ తప్పు ఎవరిది?

దయచేసి ముక్క తీయకముందే స్కాన్ తీయమని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఆ స్కాన్‌ను కార్డులో చేర్చండి, ఆపరేషన్‌తో ముడిపెట్టకుండా. తీసే పద్ధతి ఒక కాగితం మీద రాయించి ప్రతి స్కానింగ్ గదికి పంపండి, రిపోర్టులో స్కోరు తప్పనిసరి చేయండి. అమలాపురంలో ఈ బొమ్మలు చదవడం నేర్చిన ఒక్క డాక్టర్‌నైనా పెట్టండి, లేదంటే బొమ్మలను కంప్యూటర్‌లో పంపి ఎక్కడో ఉన్న డాక్టర్‌తో చదివించండి, ముసలివాళ్లను బస్సుల్లో తిప్పకండి. ముక్క తీయకముందే స్కాన్, ఎన్నిసార్లు రాసినా నేను అడిగేది అదే.

ఇవన్నీ గురువారం లోపు అయిపోవని నాకు తెలుసు. బాబాయికి ముందు స్కాన్ రాయమని మీ ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ చేయించండి. నా అర్జీ నంబర్లు మూడూ మీ సిస్టమ్‌లోనే ఉన్నాయి, పరిష్కరించబడింది అన్న చోట.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు కూతురు,
మామిడికుదురు మండలం, కోనసీమ