శీనుకి, క్లీవ్‌లాండ్ నుంచి

ఒరేయ్ శీనూ,

ఉత్తరం అందింది. అత్తయ్యగారు కర్ర లేకుండా వాకిట్లోకి వస్తున్నారని రాశావు, మంచి కబురు. ఇక్కడ చలి మొదలైంది. ఎరీ సరస్సు మీంచి గాలి కొడితే చెవులున్నాయో లేవో తడుముకోవాల్సిందే.

మావాడు పంపిన అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో చూసి ఓ ప్రశ్న వేశావు కదా. బంతి ముట్టుకోడు, పరిగెత్తడు, ముందు వరసలో నిలబడి ఎదుటివాణ్ణి తోస్తాడు, ఆ లావుపాటి ఆయనకీ జీతమేనా అని. జీతమేంట్రా, ఇక్కడ మా ఊరి జట్టు బ్రౌన్స్ 2011లో అలాంటి ఒక్కడికే ఏడేళ్ళకి 8 కోట్ల 40 లక్షల డాలర్లకి కాగితం రాసిచ్చింది. పేరు జో థామస్. రాక రాక ఫుట్‌బాల్ గురించి అడిగావు కాబట్టి, ఆయన కథ మొత్తం చెప్పందే వదలను.

ముందు ఆ వరస సంగతి. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్, మొత్తం ఐదుగురు. రూలు ప్రకారం వాళ్ళకి పాస్ అందుకునే హక్కు లేదు, రిఫరీకి ముందే చెప్పుకుంటే తప్ప. వెనక క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని ఎవరికి విసరాలా అని చూసే ఆ రెండు మూడు సెకన్లు, ఎదుటివాళ్ళు అతని మీద పడకుండా ఆపడమే వీళ్ళ పని. కుడిచేతి వాటం వాడు విసరడానికి తిరిగితే ఎడమవైపు వీపు పడుతుంది. అటునుంచి వచ్చేవాడు కనిపించడు. ఆ వీపు కాసేవాడే లెఫ్ట్ టాకిల్.

ఆ కాపలా ఎంత ముఖ్యమో 1985 నవంబర్‌లో దేశమంతా టీవీలో చూసింది. న్యూయార్క్ జయంట్స్ వాళ్ళ లారెన్స్ టేలర్ మీద పడి పట్టుకుంటే, వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థీస్మన్ కాలు విరిగిపోయింది. అతను మళ్ళీ ఆడలేదు. 1993లో ఆటగాళ్ళకి జట్టు మారే స్వేచ్ఛ వచ్చాక మంచి లెఫ్ట్ టాకిల్ కోసం జట్లు సంచులు విప్పడం మొదలుపెట్టాయి.

మన థామస్ విస్కాన్సిన్‌లో బ్రూక్‌ఫీల్డ్ అనే ఊరివాడు. ఆరడుగుల ఆరంగుళాలు, 140 కిలోలు. యూనివర్సిటీలో షాట్‌పుట్, డిస్కస్ కూడా విసిరేవాడు. 2007లో జట్లు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే రోజున న్యూయార్క్‌లో పెద్ద వేడుక. పిలుపొచ్చిన కుర్రాళ్ళు కొత్త సూట్లు వేసుకుని, అమ్మానాన్నలతో టీవీ కెమెరాల ముందు కూర్చుంటారు. ఈయన రానన్నాడు. నాన్నతో కలిసి మిషిగన్ సరస్సులో చేపలు పట్టుకుంటూ పడవలో ఉన్నాడు. టీవీ వాళ్ళే కెమెరా పట్టుకుని పడవెక్కారు! మూడో పేరుగా క్లీవ్‌లాండ్ పిలిచింది. అందరికన్నా ముందు పేరొచ్చిన క్వార్టర్‌బ్యాక్ మూడు సీజన్లకే లీగులోంచి కనిపించకుండా పోయాడు. చేపలాయన మాత్రం పదేళ్ళు ఒక్క ఆట కూడా మానలేదు.

ఆట మానకపోవడమే కాదు. బంతి కదిలిన ప్రతిసారినీ ఒక స్నాప్ అంటారు, ఆటకి అరవై పైచిలుకు వస్తాయి. 2007 మొదటి ఆట నుంచి 2017 అక్టోబర్ దాకా తన జట్టు బంతితో ఆడిన ఏ స్నాప్‌కీ ఈయన బయట కూర్చోలేదు. వరసగా 10,363! జట్టు చిత్తుగా ఓడిపోతున్నా, ఇంక గెలిచే ఆశ లేదని జనం లేచి కార్ల దగ్గరికి పోతున్నా, ఎడమ చివర ఆ 73 నంబరు చొక్కా ఉండేది.

పని ఎలా చేసేవాడో కాస్త దగ్గరగా చెప్తాను, ఎందుకంటే టీవీలో అది ఎవరూ చూపించరు. బంతి కదలగానే ఎడమకాలు వెనక్కి జారుతుంది, కుడికాలు దాని వెనకే. నడుం కిందికే ఉండాలి, పాదాలు నేలని వదలకూడదు. అంత మనిషీ వెనక్కి జారుతూ, ఎదురుగా దూసుకొచ్చేవాడికి ఎప్పుడూ తన ఛాతీయే అడ్డంగా ఉండేలా చూసుకుంటాడు. చేతులు తొందరపడి చాస్తే అవతలివాడు వాటిని విదిలించి పక్కనుంచి జారిపోతాడు. ఆలస్యమైతే నేరుగా గుండెల మీదికొస్తాడు. ఇక బయటివైపు చొక్కా పట్టుకుని లాగితే పది గజాల జరిమానా. రిఫరీ మైకులో నంబరు చెప్పి మరీ పరువు తీస్తాడు. వికెట్‌కీపర్ బై వదిలినప్పుడే గుర్తొచ్చినట్టు, ఈ ఉద్యోగంలో నీ నంబరు వినపడిందంటే ఏదో తప్పు జరిగిందనే.

మొదటి పది సీజన్లకీ పదిసార్లు ప్రో బౌల్‌కి, అంటే లీగులో మేటి ఆటగాళ్ళ జాబితాకి, ఎంపికయ్యాడు. మొదలుపెట్టింది లగాయతు అలా వరసగా పదేళ్ళు ఎంపికైనవాళ్ళు అయిదుగురే, అందులో ఆ రోజు థీస్మన్ మీద పడ్డ లారెన్స్ టేలర్ కూడా ఒకడు. కాపలా కాసేవాడూ, కాపలా పెట్టించినవాడూ ఒకే జాబితాలో కూర్చున్నారన్నమాట.

ఇంత చేస్తే గెలిచిందెంతో తెలుసా? ఆయన ఆడినవి 167 ఆటలు. గెలుపులు 48, ఓటములు 119. మొదటి ఏడాది బాగానే ఆడారు, పదహారింటిలో పది గెలిచారు. అయినా లెక్కల్లో టెనెసీ టైటన్స్ అనే జట్టు ముందుకెళ్ళి ప్లేఆఫ్స్ చోటు, అంటే కప్పు కోసం ఆడే నాకౌట్ ఆటల్లో చోటు, ఎగరేసుకుపోయింది. ఆయన ఉండగా మళ్ళీ ఆ గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. కోచ్‌లు ఆరుగురు మారారు. ఆయన కాపలా కాసిన క్వార్టర్‌బ్యాక్‌లు ఇరవై మంది. 2015లో డెన్వర్‌కి పంపేద్దామని మాటలు జరిగి ఆఖరి నిమిషంలో తప్పిపోయాయి. ఆ సీజన్లోనే డెన్వర్ సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్, గెలిచింది! నాకైతే ఇక్కడే ఆయన మీద జాలి కంటే ఆశ్చర్యమెక్కువ. ఆ బేరం తప్పాక కూడా వచ్చి అదే ఎడమ చివర, అదే వంగి నిలబడటం.

2017 అక్టోబర్ 22న ఎడమచేతి వెనక కండ తెగింది. మోచెయ్యి పట్టుకుని నడుచుకుంటూ బయటికొచ్చాడు. ఎదుటి జట్టు ఎవరనుకున్నావ్, మళ్ళీ ఆ టెనెసీయే. ఆ ఏడాది క్లీవ్‌లాండ్ పదహారుకి పదహారూ ఓడింది. జనవరిలో ఆ వణికించే చలిలో వేలమంది అభిమానులు స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగింపు తీశారు. ఇలాంటి చిత్రం మా ఊళ్ళోనే జరుగుతుందిరా. 2018 మార్చిలో ఇక చాలన్నాడు.

ఆ ఒళ్ళు నిలబెట్టుకోవడానికి పడుకునే ముందు కూడా ఐస్‌క్రీమ్, కుకీలు లాగించేవాడట. మానేశాక పాతిక కిలోల దాకా తగ్గి, పక్కింటి లెక్కల మాస్టారిలా అయిపోయాడు. ఫొటో చూస్తే నువ్వు నమ్మవు. మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి. మరిచిపోవడం మొదలైందని ఆడుతుండగానే, 2017లోనే బయటికి చెప్పాడు. ఇది ఈ ఉద్యోగం వెనకాల ఉన్న పెద్ద భయం. పిట్స్‌బర్గ్ జట్టులో సెంటర్‌గా ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్ళకే పోతే, డాక్టర్ బెనెట్ ఒమాలు ఆయన మెదడు పరీక్షించి, ఏళ్ళ తరబడి తగిలిన దెబ్బల ఆనవాళ్ళు బయటపెట్టాడు. ప్రతి స్నాప్‌కీ తలకాయలు తగిలేది ఈ వరసవాళ్ళకే. ఆ కోట్ల జీతం గురించి ఎవరైనా కుళ్ళుకుంటే నేను ఈ మాట ఎత్తుతాను.

2023 ఆగస్టులో కాంటన్‌లో ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఫుట్‌బాల్ మహామహుల జాబితాలో, అర్హత వచ్చిన మొదటి ఏడాదే థామస్‌ని చేర్చుకున్నారు. ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా ఆడనివాడికి అంత గౌరవమేంటని మా ఆఫీసులో కొలంబస్ నుంచొచ్చిన ఒక తెలుగాయన వాదన పెట్టుకున్నాడు. ఓడిన ఆటల్లో ఆయన వల్ల పోయినవెన్నో లెక్క తీసుకురమ్మన్నాను. ఇంకా తేలేదు.

కాంటన్ ఇక్కణ్ణుంచి కారులో గంట. ఎండాకాలం వస్తానన్నావు, ఆ ఒక్కరోజు నాకొదిలెయ్యి. వీసా ఇంటర్వ్యూకి తేదీ దొరికిందా? దొరికితే వెంటనే రాయి, సెలవు పెట్టుకోవాలి. వచ్చేటప్పుడు అత్తయ్యగారు పెట్టిన మాగాయ మర్చిపోకు, కస్టమ్స్ వాళ్ళ సంగతి నేను చెప్తాలే.

నీ
రాజుగాడు