మీ దగ్గర కోరం ఎప్పుడు నిండుతుంది?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: కట్టుడు పళ్లు నానబెట్టే మీ లవంగ నూనె ద్రావణం గురించి ఆరు వారాలుగా నేను అడుగుతున్న ఒకే ఒక్క ప్రశ్న.

అయ్యా,

కొత్త సీసాలో లవంగం వాసన పలచబడింది, పొద్దున్నే పళ్లు తీస్తే జిగురు తగులుతోంది. అంతవరకే అయితే సీసా పారేసి ఊరుకునేదాన్ని. నాకు ఒళ్లు మండింది మీవాళ్ల తీరుకి.

"సూక్ష్మజీవుల మాటలు తెంచి పాచి పొరను అడ్డుకుంటుంది" అని సీసా మీద మీరే రాశారు. సరే, ఇందులో యూజినాల్ (లవంగ నూనెలోని ముఖ్య రసాయనం) ఎంత శాతం, ఏ బ్యాక్టీరియా మీద పరీక్షించారు అని అడిగాను. మొదటి అమ్మాయి "ఇది నేచురల్ మేడమ్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అంది. నేనడిగింది అది కాదమ్మా అంటే మళ్లీ అదే చదివింది. రెండో అబ్బాయి టెక్నికల్ టీమ్‌కి కలుపుతానని 18 నిమిషాలు పాట వినిపించి బిల్లింగ్‌కి కలిపాడు. వాళ్లు సీసా ఫోటో అడిగారు, పంపాను. బిల్లు అడిగారు, పంపాను. మళ్లీ సీసా ఫోటో అడిగారు. ఇంకొకాయన అయితే "బ్యాక్టీరియా కనబడేలా తీయండి మేడమ్" అన్నాడు! నమ్మకపోతే రికార్డింగ్ మీ దగ్గరే ఉంటుంది, వినండి. మర్నాడు మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది. మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

నేను మైక్రోబయాలజీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. శాతం ఊరికే అడగలేదు. నూనె మోతాదు ఎక్కువైతే బ్యాక్టీరియా చస్తుంది. తగ్గితే బతికే ఉంటుంది గానీ, ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలు దెబ్బతినవచ్చు. ల్యాబ్‌లో దీన్ని క్రోమోబ్యాక్టీరియం వయోలేసియం అనే బ్యాక్టీరియా మీద చూస్తారు. గుంపు పెరిగాక అది ఊదారంగు తయారుచేస్తుంది. బతికుండీ రంగు రాలేదంటే దానికి మాట పడిపోయిందని గుర్తు. మోతాదు మరీ తగ్గితే ఏమీ జరగదు. పైగా పొర కట్టకుండా ఆపడం వేరు, కట్టేసిన పొరను విడగొట్టడం వేరు. మీ సీసా ఏం చేస్తుంది?

తగినంత మంది చేరారో లేదో సంకేతాలతో తెలుసుకుని బ్యాక్టీరియా కలిసికట్టుగా పని మొదలుపెట్టడానికి 1994లో కోరం సెన్సింగ్ అని పేరు పెట్టారు. మెదడు లేని జీవులండీ అవి! మీ ఆఫీసులో అంతమంది ఉండి ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరదు. ద్రావణం అక్కడ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టుంది.

నాలుగేళ్లుగా వాడుతున్నాను. మా అక్క చేతా, మేనత్త చేతా నేనే కొనిపించాను. ఇప్పుడు వాళ్లు ఏమైందని నన్ను నిలదీస్తున్నారు. నేనూ "పరిష్కారమైంది" అనేయనా?

డబ్బు వాపసు అడగడం లేదు, ఇస్తే వద్దనను. నాకు కావలసింది పరీక్ష రిపోర్టు. పది రోజుల్లో రాకపోతే ఈ లేఖా, సీసా మీది లేబులూ, మీవాళ్ల మెసేజ్‌లూ అన్నీ వినియోగదారుల కోర్టుకు వెళతాయి. లేబుల్‌లోని ప్రతి మాటకూ అక్కడ లెక్క చెప్పుకుందురుగాని.

జవాబు రాసి పంపండి. దయచేసి ఫోన్ చేయించకండి, ఆ పాట నాకు కంఠతా వచ్చేసింది.

ఇట్లు,
మీ పాత కస్టమర్