ఆదివారం ఆరోగ్య కమిటీ మీటింగ్: ఇంటికొకరు రావాలి

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు పంచాయతీ ఆఫీసులో మన గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ మీటింగ్.

విషయం ఒక్కటే. కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల వరకు వచ్చే నిధి దేనికి వాడాలి? పోయినసారి చాలావరకు బ్లీచింగ్‌కే అయిపోయింది. ఈసారి షుగర్ స్ట్రిప్పులకు, రాత్రిపూట పురిటి నొప్పులొస్తే లేనివాళ్లకు ఆటో ఖర్చుకు ముందు తీసి పెడదామని నా మాట.

"ఆ ఖర్చులు మన ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క చూసుకుంటుంది, ఆశాలకు ప్రభుత్వం ఇస్తోందిగా" అంటారేమో. నిజమే, 2019లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఆశాల గౌరవ వేతనం నెలకు 10,000 చేశారు. కానీ అది ఆవిడ కష్టానికి. పేషెంట్ల ఆటోకి కూడా ఆవిడే పెట్టుకుంటే ఎన్నాళ్లు లాగుతుంది?

సెక్రటరీ గారూ, పోయిన ఏడాది లెక్కల పుస్తకం తీసుకురండి.

డ్వాక్రా లీడర్లు మీ వీధిలో బీపీ, షుగర్, టీబీ మందులు వాడే పేదవాళ్ల పేర్లు రాసివ్వండి. గ్రూపులో మాత్రం పెట్టొద్దు, నాకు విడిగా పంపండి.

ఈ ఖర్చులకు చందా ఇచ్చేవాళ్లు మీటింగ్‌లోనే ఇచ్చి రసీదు తీసుకోండి. ఆశా అక్క చేతికి ఇవ్వకండి, రేపు ఆవిడకే మాటొస్తుంది.

శనివారం రాత్రి మళ్లీ గుర్తు చేస్తాను. వచ్చేవాళ్లు ఇప్పుడే 👍 పెట్టండి, కుర్చీలు చెప్పాలి.